బ్రాకెట్‌లో ఎవరిని పెట్టారు?

పైన f, కింద f. రెండింటినీ అడ్డగీత పెట్టి కొట్టేశాడు ఒక అబ్బాయి. పైన నాలుగు, కింద రెండు మిగిలాయి. జవాబు రెండు. దాని చుట్టూ స్కేలుతో చక్కగా డబ్బా కూడా కట్టాడు.

నేనిచ్చిన ప్రశ్న ఇది: f(x) = 2x + 3 అయితే, f(4)ను f(2)తో భాగిస్తే ఎంత? x ఉన్నచోట నాలుగు పెడితే పదకొండు వస్తుంది, రెండు పెడితే ఏడు వస్తుంది. పదకొండు బై ఏడు జవాబు. కానీ ఆ ఏడాది ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ క్లాసులో సగానికి పైగా పిల్లలు fలు కొట్టేసి రెండే తెచ్చారు.

కొత్తగా లెక్కలు చెప్పబోతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ జవాబు మీకూ ఎదురవుతుంది. నవ్వకండి. స్టాఫ్‌రూమ్‌కు తీసుకెళ్లి పక్కవాళ్లను నవ్వించకండి. ఆ పిల్లలు మనం చెప్పిందే చేశారు. అక్షరం పక్కన బ్రాకెట్ ఉంటే గుణించమని ఏడో తరగతిలో నేర్పింది మనమే. చేతులు నొప్పి పుట్టేదాకా రాయించిందీ మనమే. కొన్నేళ్లు గడిచాక అదే అక్షరం, అదే బ్రాకెట్ బోర్డు మీదికి తెచ్చి, ఈసారి దాని పని వేరని ఒక్క ముక్క చెప్పకుండా 'ఎఫ్ ఆఫ్ ఎక్స్' అని చదవమంటున్నాం. వాళ్లు చదువుతున్నారు. అర్థం అడగకుండా, కళ్లు మూసుకుని, మంత్రం చదివినట్టు చదువుతున్నారు.

గుర్తు అంటే ఆకాశం నుంచి ఊడిపడిందేమీ కాదు. మనుషులు తమలో తాము చేసుకున్న ఒప్పందం. ఒప్పందం మారినప్పుడు అవతలి మనిషికి చెప్పాలి. చెప్పకుండా మార్చి, ఆ తర్వాత తప్పు పట్టడాన్ని బజారులో మోసం అంటారు. క్లాసులో మాత్రం దానికి 'పిల్లలకు బేసిక్స్ లేవు' అని పేరు.

నాది లింగాల ఘనపూర్ దగ్గరి ఊరు. చదువుకునే రోజుల్లో జనగామలో జరిగే హేతువాద సభలకు పోయేదాన్ని. అక్కడ ఎవరేం చెప్పినా 'ఆధారం ఏంది?' అని అడగడం అలవాటైంది. ఆ అలవాటు ఉద్యోగంలో చాలా ఇబ్బంది పెట్టింది. మొదట కొడకండ్ల వైపు బడిలో పనిచేశాను, తర్వాత జూనియర్ లెక్చరర్‌నై మహబూబాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రానికి వెళ్లాను, చివరికి భూపాలపల్లిలో రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పేది ఆ మధ్యలో ఉన్న కాలేజీ సంగతి. మండలం పేరు రాయను. పేరు రాస్తే అది ఆ ఒక్క చోటే జరిగిందని మిగతావాళ్లంతా నిశ్చింతగా ఉంటారు.

fలు కొట్టేసిన పేపర్లు తెచ్చి స్టాఫ్‌రూమ్‌లో బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే, ఫిజిక్స్ లెక్చరర్ తొంగి చూశాడు. మంచివాడే. నన్ను అక్కా అని పిలిచేవాడు.

"ఏందక్కా, గట్ల పరేషాన్ గున్నవు?"

"అర్థం కాలేదు వీళ్లకు. మళ్లీ మొదటి నుంచి చెప్పాలె."

"అర్థం చెప్పుకుంట కూసుంటె సిలబస్ ఎప్పుడైతది? ముఖ్యమైన ప్రశ్నలిచ్చి బట్టీ పట్టియ్యి. నేను గదే జేస్త. పిల్లలు ఖుష్, ప్రిన్సిపాల్ ఖుష్."

"మరి ఫిజిక్స్?"

"ఫిజిక్స్‌ది ఏమున్నదక్కా, అది ఎటూ పోదు" అన్నాడు నవ్వుతూ.

మర్నాడు పుస్తకం మూసేసి క్లాసుకు వెళ్లాను. మీ ఊళ్లో పిండి గిర్ని ఉందా అని అడిగాను. అందరి ఊళ్లోనూ ఉంది.

"గిర్నిల జొన్నలు పోస్తే ఏమొస్తది?"

"జొన్నపిండి!"

"బియ్యం పోస్తే?"

"బియ్యప్పిండి!"

"గులకరాళ్లు పోస్తే?"

"గిర్నాయన తంతడు మేడం!"

క్లాసంతా ఘొల్లున నవ్వింది. గిర్నిలో ఏవి పొయ్యొచ్చో, ఏవి పొయ్యకూడదో తేల్చే సంగతికే పుస్తకంలో ప్రదేశం అని పేరు పెట్టారని చెప్పాను. f అనేది గిర్ని పేరు. బ్రాకెట్ దాని నోరు. బ్రాకెట్‌లో ఉన్నది మనం పోసిన గింజ. f(x) అని మొత్తం కలిపి రాస్తే, అది బయటికి వచ్చిన పిండి. గిర్నిని జొన్నలతో గుణిస్తారా? పైన గిర్ని, కింద గిర్ని ఉన్నాయని రెండు గిర్నులనూ కొట్టేసి వట్టి గింజలు ఇంటికి తీసుకుపోతారా? డబ్బా కట్టిన అబ్బాయి తల గోక్కున్నాడు. అతనికి వెలిగింది. ముఖం చూస్తే తెలిసిపోతుంది.

అదే ఊపులో ఇంకో మాట చెప్పాను. f(a + b), f(a) + f(b) ఒకటే అనుకోవద్దు, అది గుణకారంలో మాట, ఇక్కడ ప్రతిసారీ కుదరదు అన్నాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. గార్ల అవతలి నుంచి ఆటోలో వచ్చే పిల్ల. వానాకాలం నాట్లకూ కలుపుకూ తల్లితో పోతుంది కాబట్టి హాజరు తక్కువ. వచ్చిన రోజు మాత్రం రెప్ప వేయకుండా వింటుంది.

"మేడం, మీరు జెప్పింది గిర్నికి కుదురుత లేదు."

"ఎందుకు?"

"జొన్నలు, సజ్జలు కలిపి పోసినా, ఏరేరుగ పట్టిచ్చి ఇంటికాడ కలిపినా, గదే పిండి గద. ఒకటే ఆయె."

నా ఉదాహరణ నా కళ్ల ముందే కూలింది. నిజమే. నేను తెచ్చిన పోలిక ఒక్క అడుగు నడిచి చతికిలబడింది. రేపు చెప్తానని తప్పించుకున్నాను. ఇంటికెళ్లి వర్గాలతో ఉదాహరణలు రాసుకున్నాను గానీ, గిర్నికి మాత్రం ఏమీ తోచలేదు.

మర్నాడు నేను నోరు తెరిచేలోపే ఆమె చేయెత్తింది.

"మేడం, దొరికింది. గిర్నిల పోసినప్పుడల్ల గుప్పెడు పిండి లోపల్నే ఉండిపోతది. రాదు. గందుకే మా అవ్వ రెండుపార్లు పొయ్యొద్దంటది. పది గుప్పెళ్లొకసారి, ఇరవై గుప్పెళ్లొకసారి పోస్తె తొమ్మిది, పందొమ్మిది. ఇరవై ఎనిమిదొస్తయి. ఒక్కపారే ముప్పై పోస్తె ఇరవై తొమ్మిదొస్తయి. ఒకటి కాదు!"

బోర్డు దగ్గరికి వచ్చి, వాళ్లమ్మ మాటనే f(x) = x − 1 అని రాసింది. ఆమె పక్కన కూర్చునే స్నేహితురాలు, అదే ఆటోలో పక్క ఊరి నుంచి వచ్చే పిల్ల, "మీ అవ్వకు ఎంపీసీల సీటియ్యాలెనే!" అని అరిచింది. నేను ముందు బెంచీలో పిల్లల పక్కన కూర్చున్నాను. ఆ పీరియడ్ అయిపోయేదాకా నేను చెప్పింది ఏమీ లేదు.

ఇది ఎందుకింత వివరంగా రాస్తున్నానంటే, ఈ పిల్లకు 'లెక్కల యోగం' లేదని తర్వాత ఒకాయన తేల్చాడు కాబట్టి.

ఆ వారంలోనే ప్రమేయం నిర్వచనం చెప్పాను. లోపలికి వెళ్లిన ప్రతిదానికీ బయటికి ఒక్కటే రావాలి. అదే గింజ వేస్తే ఇవాళ జొన్నపిండి, రేపు కారప్పొడి వస్తే దాన్ని ప్రమేయం అనం. మీ బతుకులోంచి ఉదాహరణ చెప్పమన్నాను. గార్ల అవతలి పిల్ల స్నేహితురాలు లేచింది. మాటకారి, జవాబు వచ్చేదాకా అడిగిందే అడిగే పిల్ల.

"పిల్లలు, పుట్టిన తారీఖు. ఒక్కొక్కలికి ఒక్కటే తారీఖుంటది. ప్రమేయమే."

"శభాష్. మరి తిరగేస్తే? తారీఖు వేస్తే పిల్లలొస్తే?"

"అయ్యో మేడం, అట్లయితె కాదు! ఒక్క తారీఖు ఏస్తె మా బడి మొత్తం బయటికొస్తది!"

మళ్లీ నవ్వులు. చదివేవాళ్లలో పట్నం పిల్లలుంటే వాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు ఇంటి దగ్గర పుట్టిన పిల్లలను జూన్‌లో బడికి తీసుకొస్తారు. ఎప్పుడు పుట్టాడని పెద్దసారు అడుగుతాడు. తల్లి కాలం చెబుతుంది, తారీఖు చెప్పలేదు. పెద్దసారు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, అయిదేళ్లు నిండేటట్టు వెనక్కి లెక్కేసి, ఒక జూన్ తారీఖు రాసేస్తాడు. ఆ రోజు చేరిన వాళ్లందరికీ అదే. నా తారీఖు కూడా అలాంటిదే. మా అమ్మ లెక్కన నేను దీపావళి వెళ్లాక పుట్టాను, ప్రభుత్వం లెక్కన జూన్‌లో రిటైరయ్యాను. ఇప్పుడిప్పుడు దవాఖానల్లో పుడుతున్నారు గనుక ఈ పద్ధతి తగ్గుతోంది. ఆ క్లాసులో మాత్రం జూన్ పిల్లలు చాలామందే ఉన్నారు.

క్వార్టర్లీ పరీక్షలు దగ్గరికొచ్చాయి. ప్రిన్సిపాల్ మమ్మల్ని తన గదికి పిలిచాడు. ఆయన దుర్మార్గుడని నేననను. ఫలితాల శాతం తగ్గితే పైవాళ్ల ముందు నిలబడి మాటలు పడాల్సింది ఆయనే. కానీ ఆ భయానికి ఆయన కనిపెట్టిన మందు ఏమిటో వినండి. హాజరు తక్కువున్న వాళ్లను, యూనిట్ టెస్టులు రాయని వాళ్లను ఎంపీసీ నుంచి తీసి, లెక్కలుండని సీఈసీలో వేయాలి. అంటే నాట్లకు పోయిన పిల్లలంతా అటు పోవాలి. దీనికి తల్లిదండ్రుల సంతకం కావాలి. వాళ్లు ఊరికే ఒప్పుకోరు. అందుకని కాలేజీకి బెంచీలు ఇచ్చిన పటేల్‌గారి ఇంటి సిద్ధాంతిని పిలిపిస్తున్నారు. ఆయన పిల్లల పుట్టిన తారీఖులు చూసి, ఎవరికి ఏ గ్రూపు కలిసొస్తుందో చెబుతాడు. దానికి 'విద్యా మార్గదర్శనం' అని పేరు కూడా పెట్టారు.

నేను లేచి నిలబడ్డాను. "సర్, హాజరు తక్కువైతే తక్కువని మొహం మీద చెప్పండి. కొట్లాడుకుందాం. నక్షత్రాల మీదికి ఎందుకు తోస్తున్నారు?"

ఆయన ఏ మాత్రం సిగ్గుపడకుండా నిజం చెప్పాడు. "మేడం, నేను జెప్తె కొట్లాడ్తరు. ఆయన జెప్తె దండం పెట్టి పోతరు. గొడవ లేకుంట పనైతది."

నా ఉద్యోగ జీవితంలో మూఢనమ్మకం మీద నేను చదివిన వ్యాసాలన్నిటి సారమూ ఆ రెండు వాక్యాల్లో ఉంది. ఆయన నమ్మడు. నమ్మాల్సిన అవసరమే లేదు. అవతలివాళ్లు నమ్మితే చాలు. నమ్మకం అనేది ఎప్పుడూ కింద ఉన్నవాళ్ల నెత్తి మీద పెట్టే మూటే. పైన ఉన్నవాళ్లు ఆ మూట బరువు ఎంతో చూసుకుంటారు, అంతే.

"ఇది ప్రభుత్వ కాలేజీ సర్" అన్నాను.

"మీ హేతువాదం సభల చెప్పుకోండ్రి మేడం. ఈడ నాకు రిజల్ట్ కావాలె."

మిగతావాళ్ల వైపు చూశాను. ఫిజిక్స్ లెక్చరర్ గోడ మీద గడియారం చూస్తున్నాడు. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నువ్వు జెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టే" అన్నాడు. లోపల ఎందుకు అనలేదని అడిగాను. "లోపట కరెక్టుతోటి ఏం పని?" అన్నాడు. నక్షత్రాల మధ్య దూరం ఎలా కొలుస్తారో పాఠం చెప్పే మనిషి అతను.

ఆ రోజు వచ్చింది. ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాన్ కింద సిద్ధాంతి కూర్చున్నాడు. పంచాంగం లేదు, ట్యాబ్ ఉంది. ఆఫీసు నుంచి ఇచ్చిన తారీఖు అందులో కొట్టేవాడు. తెర మీద గళ్లు వచ్చేవి. వాటిని కాసేపు చూసి, ఆ తర్వాత ప్రిన్సిపాల్ ముఖం చూసి, చెప్పేవాడు. నేను ప్రతి పీరియడ్‌లో పిల్లలకు లెక్క ఇచ్చి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. పొమ్మనలేదు, రమ్మనలేదు.

పొద్దున్నే వచ్చిన వాళ్లలో పటేల్‌గారి తమ్ముడి కొడుకు ఉన్నాడు. అతనికి ఇంజనీరింగు యోగం దివ్యంగా ఉంది. ఆ తర్వాత వరసగా కూలి ఇళ్ల తండ్రులు వచ్చారు. వరసగా యోగాలు తగ్గిపోయాయి. ఆ స్నేహితురాలి తండ్రి చెప్పులు బయట విడిచి వచ్చాడు. నాలుగు మాటలు విన్నాడు, దండం పెట్టాడు, సంతకం చేశాడు, బస్సు దొరకదని వెళ్లిపోయాడు. ప్రిన్సిపాల్ లెక్క తప్పలేదు.

మధ్యాహ్నానికి గార్ల అవతలి పిల్ల తల్లి వచ్చింది. భర్త హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయాడు కాబట్టి ఆమెను పిలిచారు. కలుపు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర అంచుకు మట్టి ఇంకా తడిగానే ఉంది. కూతురు పక్కన నిలబడింది.

"అమ్మా, మీ పాప మంచి మాటకారి" అన్నాడు సిద్ధాంతి మెత్తగా. "కానీ లెక్కల యోగం లేదు. పట్టుబట్టి చదివిస్తే ఆరోగ్యం మీదికి వస్తుంది. ముందే చెప్పడం నా ధర్మం."

తల్లి ముఖం తెల్లబోయింది. "ఆరోగ్యమా అయ్యా? ఏమైతది నా బిడ్డకు?"

అక్కడే నాకు ఒళ్లు మండిపోయింది. చదువు రాదంటే తల్లి వాదిస్తుందేమో, బిడ్డకు ఏదో అవుతుందంటే ఏ తల్లీ వాదించదు. ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు. ఆమె చెయ్యి కలం వైపు పోతోంది. ఆ సంతకం పడితే ఆ పిల్ల లెక్కలు అక్కడితో ఆగిపోతాయి.

"అవ్వా, జర ఆగు" అంది కూతురు. సిద్ధాంతి వైపు తిరిగింది. "అయ్యగారూ, ఒక్క మాట అడుగుత. పొద్దుగాల మా ఊరి పటేలోళ్ల పిలగానికి ఏం జెప్పిన్రు?"

"అతనిది వేరే జాతకమమ్మా. గణితం అద్భుతంగా ఉంది."

"ఆయనది, నాది ఒక్కటే తారీఖు."

ముందు ప్రిన్సిపాలే తేరుకున్నాడు. "ఏందమ్మా! పెద్దలతోని గట్లేనా మాట్లాడేది?"

"మీరిచ్చిన తారీఖే అంటున్న సార్. మా ఊరి బడిల ఇద్దరిని ఒక్కనాడే షరీకు జేసిన్రు. పెద్దసారు ఇద్దరికి ఒక్కటే రాసిండు. గా ట్యాబుల ఒక్కటే తారీఖు కొడితె ఆయనకు లెక్కలొచ్చె, నాకు రాకపాయె. ఎట్లొచ్చింది?"

సిద్ధాంతి నవ్వాడు. ఆ నవ్వుకు అలవాటుపడిన మనిషి. "పుట్టిన వేళ వేరు కదమ్మా. వేళను బట్టి లగ్నం మారుతుంది."

"వేళ మీకెవలు జెప్పిన్రు? మా అవ్వనైతె మీరు అడగలే."

ఆయన ట్యాబ్ వైపు చూశాడు.

నేను ఇక ఉండలేకపోయాను. గుమ్మం దాటి లోపలికి వెళ్లాను. "సిద్ధాంతి గారూ, లోపల ఒకే తారీఖు వేశారు, బయటికి రెండు జవాబులు తీశారు. ఇంటర్ మొదటి పాఠం ప్రకారం మీరు చేసేది ఏ లెక్కా కాదు. దీన్ని ప్రమేయం అనం."

"మేడం! మీరు క్లాసుకు పోండ్రి!" ప్రిన్సిపాల్ బల్ల మీద కొట్టాడు.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. తప్పు చేసిన వాళ్లను సరిదిద్దేటప్పుడు ఉండే ఓపిక ఆమె గొంతులో ఉంది.

"లేదు మేడం. ప్రమేయమే. బ్రాకెట్‌ల తారీఖు పెట్టలే, గంతే. తారీఖు పెడితె ఇద్దరికి ఒక్కటే వస్తుండె. బ్రాకెట్‌ల ఎవలింటి పిల్లలో గది పెట్టిన్రు. పొద్దటిసంది గుమ్మం బయట నిలవడి చూస్తున్న. పటేలోళ్ల పిల్లలను ఏస్తె ఇంజనీరొస్తున్నది. కూలోళ్ల పిల్లలను ఏస్తె రాదొస్తున్నది. ఒక్కపారి గూడ తప్పలే."

ముప్పై ఏళ్ల పైన ఆ గుర్తును బోర్డు మీద రాశాను. దాని అర్థం ఇంత స్పష్టంగా ఎవరూ నాకు చెప్పలేదు. నాది తొందరపాటు. ప్రిన్సిపాల్‌నూ సిద్ధాంతినీ పిచ్చివాళ్లుగా, ఏది వేస్తే ఏది వస్తుందో తెలియని వాళ్లుగా చూశాను. కాదు. వాళ్ల గిర్ని పక్కాగా నడుస్తోంది. నోట్లో ఏం పోస్తున్నారో మాత్రం పైకి చెప్పరు. అన్యాయం గందరగోళంగా ఉంటుందని మనం అనుకుంటాం. దానంత క్రమశిక్షణ గలది ఇంకోటి ఉండదు.

తల్లి అప్పటికే చేతిలోకి తీసుకున్న కలం బల్ల మీద పెట్టేసింది.

"అయ్యా, గా జూన్‌ల నా బిడ్డ పుట్టనే లేదు. మిరపకాయలు ఏరంగ నొప్పులొచ్చినయ్. చేన్ల నుంచి ఇంటికి నడిచిన. కన్నదాన్ని నేను ఈడ నిలవడ్డ. నన్నడగకుంట ఎవలో రాసిన తారీఖు పట్టుకొని నా బిడ్డ రోగం జెప్తున్రా మీరు?"

సిద్ధాంతి ట్యాబ్ మూశాడు. ప్రిన్సిపాల్‌కు మాత్రం పట్టుదల పోలేదు. కాగితాన్ని ఆమె ముందుకు ఇంకాస్త జరిపాడు.

"చూడమ్మా, నీ మంచికే జెప్తున్న. రేపు ఫెయిలైతే నా బాధ్యత కాదు."

"పాసైతె నీదా సారూ?"

గుమ్మం బయట అటెండర్ ఫక్కున నవ్వి, దగ్గు వచ్చినట్టు నటించాడు. ఆమె కూతురి రెక్క పట్టుకుని, "నడువు, క్లాసుకు పో" అంది. సంతకం పెట్టలేదు. ఆ పిల్ల ఎంపీసీలోనే ఉంది, అందులోనే ఇంటర్ పాసైంది, ఇప్పుడు డిగ్రీలో లెక్కలే చదువుతోంది. మార్కులు ఎన్నని అడగకండి. మార్కులు ఎక్కువొచ్చాయి గనుక ఆమెకు అక్కడ కూర్చునే హక్కు ఉందనే వాదన కూడా నాకు నచ్చదు. తక్కువొచ్చినా ఆ హక్కు ఆమెదే.

సిద్ధాంతికి నష్టం ఏమీ జరగలేదు. పటేల్‌గారి బెంచీల మీద పేర్లు చెరిగిపోలేదు. నన్ను మాత్రం ఆ ఏడాది చివర్లో భూపాలపల్లికి పంపారు. అక్కడ లెక్కల లెక్చరర్ అవసరం ఉందన్నారు. నిజంగానే అక్కడ ఎవరూ లేరు, కాబట్టి అది అబద్ధమని అనలేను. అక్కడి పిల్లలకు గిర్ని బదులు గనుల్లో బొగ్గు మోసే బెల్టుతో పాఠం మొదలుపెట్టాను. వాళ్లూ మొదట fలు కొట్టేశారు. వాళ్లూ నేర్చుకున్నారు.

ఈ కథ ఇక్కడ ఆపితే మీరు సంతోషంగా పుస్తకం మూస్తారు. నేను కొన్ని సభల్లో ఇక్కడే ఆపి చప్పట్లు కొట్టించుకున్నాను కూడా. కానీ ఆ రోజు పొద్దున సంతకాలు పెట్టి పోయిన తండ్రుల పిల్లల సంగతి ఏమిటి? మధ్యాహ్నం ఆ గదిలో అబద్ధం బయటపడింది కదా, పొద్దుటి సంతకాలు చెల్లవు కదా అని నేను అనుకున్నాను. సాయంత్రం ప్రిన్సిపాల్ దగ్గరికి మళ్లీ వెళ్లాను.

"సంతకాలు ఐపోయినయ్ మేడం. ఆన్‌లైన్‌ల మార్చేసినం. ఇగ కాదు."

"సిద్ధాంతి చెప్పింది తప్పని మీ ముందే తేలింది కదా?"

"ఆ ఒక్క పిల్ల ముచ్చటే తేలింది. మిగిలినోళ్లు ఎవలు అడగలే గద."

పైఆఫీసుకు రాసి పంపాను. ఎవరూ పలకలేదు. సీఈసీ తక్కువ చదువని నేననడం లేదు, దాన్ని కోరి చదివి గొప్పగా నిలబడిన పిల్లలు నాకు తెలుసు. కానీ వీళ్లు కోరుకోలేదు. వీళ్లను ఎవరూ అడగలేదు. ఒక మనిషిని అడగకుండా వాళ్ల జీవితాన్ని ఇటు నుంచి అటు జరిపి, దానికి మార్గదర్శనం అని పేరు పెట్టడం కంటే పెద్ద అవమానం నేను చూడలేదు.

మర్నాడు ఎంపీసీ క్లాసులో బెంచీలు ఖాళీగా ఉన్నాయి. డబ్బా కట్టిన అబ్బాయి లేడు. గార్ల అవతలి పిల్ల ఒక్కతే వెనక బెంచీలో ఉంది, పక్కన చోటు వదిలి కూర్చుంది. పీరియడ్ అయ్యాక నేను వరండాలోకి వస్తే ఆమె స్నేహితురాలు సీఈసీ గది కిటికీ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి నమస్తే పెట్టింది. లోపల ఏం చెప్తున్నారని అడిగాను.

"మేడం, దాని అవ్వ బగ్గ మాట్లాడిందంట గద."

"అవునమ్మా."

"నిన్న మా అవ్వ గూడ వచ్చింది మేడం. నాయిన తోటే వచ్చింది. పొద్దటిసంది గేటు బయటనే నిలవడ్డది. నన్ను కన్నది అవ్వనే గద. లోపటికి రమ్మని ఎవ్వలు పిలువలే."